రాతి మీది ఏడు గుంతలు

వీడియో గేముల కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ముందు రాయి చేయమని ఇస్తారు. రాయి తేలిక అంటారు. దానికి మొహం ఉండదు, నడవదు, బట్ట కట్టదు, ఎలా చేసినా రాయిలాగే ఉంటుందని వాళ్ల లెక్క. నమ్మకండి. ముప్పై ఏళ్ల నా కొలువులో అన్నిటికన్నా పెద్ద తప్పు నేను రాయి మీదే చేశాను. అదీ రాళ్లు కొట్టేవాళ్ల ఇంట్లో పుట్టి.

సినిమా గ్రాఫిక్స్ వదిలేసి గేముల వైపు పోదామనుకునే పిల్లలు ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. అది ఎవరైనా నేర్పుతారు. అమీర్‌పేటలో కోచింగ్ బోర్డు లేని మెట్లు లేవు. నేను చెప్పేది వేరే సంగతి. సినిమా పని మీ చేతికి ఏమేం అలవాటు చేసిందో ముందు చూసుకోండి. కంపెనీ మారినంత మాత్రాన చేయి మారదు.

అంచు పట్టుకునే పని

గచ్చిబౌలి వైపు ఇప్పుడు అద్దాల మేడలు ఉన్న చోట మా చిన్నప్పుడు ఏనుగులంత రాతి గుండ్లు ఉండేవి. మా అమ్మానాన్నలు ఆ గుండ్లు చీల్చి కంచెకు పాతే కడీలు, పునాది రాళ్లు తీసేవాళ్లు. నేను కంకర గంపలు మోశాను. బడి ముఖం చూడలేదు.

పెళ్లయి మూసాపేట వచ్చాను. మా ఆయన బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని. ఇంటి దగ్గర ఫోటో స్టూడియోలో నాకు కత్తిరింపు పని దొరికింది. పెళ్లికూతురిని, పెళ్లికొడుకుని ఫోటోలోంచి బ్లేడుతో కోసి, వెనక మంచుకొండో పూలతోటో అంటించాలి. వెంట్రుక తెగకుండా, జడకుప్పెలు పోకుండా కోయాలి. కంప్యూటర్ వచ్చాక ఓనరు నా చేతికి మౌస్ ఇచ్చాడు. ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో గుర్తుపెట్టుకున్నాను. చదవాల్సిన అవసరం రాలేదు.

అక్కడి నుంచే మాదాపూర్‌లో ఒక సినిమా గ్రాఫిక్స్ స్టూడియోకి వెళ్లాను. కదిలే మనిషి చుట్టూ ప్రతి ఫ్రేములో గీత గీసి అతన్ని వేరు చేయడం ఒక పని. దానికి రోటో అని పేరు. తెర మీద ఉండకూడనివి చెరపడం ఇంకో పని. హీరోని గాలిలో లేపే తాళ్లు, పాతకాలం కథలో కనబడే కరెంటు స్తంభాలు, గోడ మీది పోస్టర్లు, అడ్డం వచ్చిన మనుషులు. పద్నాలుగేళ్లు చెరిపాను. నాలాంటి వాళ్లం ఆ హాల్లో నూట పది మందిమి.

ఒక సినిమాలో హీరో కొండ మీంచి దూకుతాడు. అతని నడుముకున్న నాలుగు తాళ్లను పదకొండు రోజులు కూర్చుని నేనే చెరిపాను. చివర పేర్లు వస్తాయని మా ఆయన్ని, ఇద్దరు పిల్లల్ని టాకీసుకు తీసుకుపోయాను. జనం లేచి పోతున్నా మేం కూర్చున్నాం. మా ఆయన ఒక్కో పేరూ చదివి చెబుతున్నాడు. వంటవాళ్ల పేర్లు ఉన్నాయి, డ్రైవర్ల పేర్లు ఉన్నాయి. ఉండాల్సిందే, వాళ్లూ కష్టపడ్డారు. మా స్టూడియో పేరు ఒకటి వచ్చింది. మా బాస్ ప్రసాద్ గారి పేరు ఒకటి వచ్చింది. నూట పది మందిమి లేం.

మర్నాడు ఆయన్నే అడిగాను. "సార్, మా పేర్లు రాలే."

"నీకు చదవొస్తే కదా బాలమణీ, బాధ! రానప్పుడు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?" అన్నాడు ఆయన.

హాలంతా నవ్వింది. వాళ్ల పేర్లు కూడా లేవు, అయినా నవ్వారు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

నవ్వనిది ఒక్కతే. నా పక్క సీటు సుష్మ. భీమవరం పిల్ల, మణికొండలో కాపురం, నాకన్నా పదిహేనేళ్లు చిన్న. మధ్యాహ్నం డబ్బా తెరుస్తూ, "అక్షరం కూడా అంచే కదక్కా. మీరు గాలికి ఎగిరే జుట్టుకే గీత గీస్తారు, 'అ'కి గీయలేరా?" అంది. మానిటర్ మీద అక్షరాలు పెద్దవి చేసి పెట్టేది. నేను వాటి చుట్టూ గీత గీసేదాన్ని. అలా నలభై ఏళ్లకు చదవడం నేర్చుకున్నాను. రాయడం అంత బాగా రాలేదు. చదవగలను కదా, చాలనుకున్నాను.

అసలుది ఎక్కడో భద్రంగా ఉంటుంది

ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. షూటింగ్ నుంచి వచ్చిన అసలు ఫ్రేములు మా చేతికి ఇచ్చేవారు కాదు. అవి వేరే గదిలో, వేరే మిషన్‌లో, తాళంలో ఉండేవి. మాకు వచ్చేవి నకళ్లు. వాటిని ఎంత చెరిపినా, ఎంత పాడు చేసినా, ఇంకో నకలు వచ్చేది. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నేను అసలుదాన్ని ముట్టుకోలేదు. ముట్టుకునే దారే లేదు.

దానివల్ల నా చేతికి ఒక ధీమా ఎక్కింది. నేను చెరిపింది నిజంగా చెరిగిపోదు అన్న ధీమా. అది ఎంత ప్రమాదమో నాకెవరూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా ఎక్కింది. ఎందుకు అని అడగకపోవడం. మొదట్లో అడిగేదాన్ని. "ఆ గుడిసె ఎందుకు తీసేస్తున్నం సార్, మంచిగనే ఉంది గదా" అంటే, "నీకెందుకమ్మా, తియ్" అనేవారు. నాలుగుసార్లు అలా అనిపించుకున్నాక ఎవరైనా నోరు మూసుకుంటారు. ఆ తర్వాత దాన్నే క్రమశిక్షణ అని పిలిచి మెచ్చుకుంటారు.

ఒక సోమవారం పొద్దున మా కార్డులు గేటు దగ్గర పనిచేయలేదు. స్టూడియో మూసేశారు. నా స్వెటర్, నీళ్ల సీసా, కుర్చీ మీద వేసుకునే మెత్త ఒక సంచిలో పెట్టి సెక్యూరిటీ అతనితో ఇప్పించారు. ఆ సంచిలో ఎవరిదో పాత చెప్పు కూడా వచ్చింది. పద్నాలుగేళ్లు కూర్చున్న కుర్చీని చివరిసారి చూసుకోనివ్వలేదు.

నాకప్పుడు నలభై ఏడు.

గేముల వైపు

సుష్మ ఏడాది ముందే ఒక చిన్న గేముల కంపెనీకి మారింది. "రండక్కా, ఇక్కడ చెరపడం కాదు, చేయడం" అంది. దానికి ముందు ఇంకో పెద్ద కంపెనీ నన్ను పరీక్ష పేరుతో మూడు వారాలు ఒక పాత చెక్కపెట్టె చేయించుకుని, జవాబైనా ఇవ్వకుండా వదిలేసింది. పిల్లలూ, పరీక్ష ఒక పూటలో అయిపోవాలి. మూడు వారాలు పడితే అది పరీక్ష కాదు, వెట్టి. మొహమాటం లేకుండా వదిలేసి రండి.

సుష్మ కంపెనీలో మా పెద్ద శ్రీకాంత్. రాజమండ్రి అతను, నా తమ్ముడి వయసు. అందరినీ అండీ అంటాడు. నన్ను ఆరు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నాడు.

వాళ్లు చేస్తున్న ఆటలో ఒక అమ్మాయి గుట్ట ఎక్కాలి. ఆ గుట్ట కోసం శ్రీకాంత్, సుష్మ కలిసి గచ్చిబౌలి దాటాక ఒక పెద్ద గుండును చుట్టూ తిరిగి నాలుగు వందల ఫోటోలు తీశారు. అన్ని వైపుల నుంచి తీసిన ఫోటోలు ఇస్తే కంప్యూటరే ఆ రాతి ఆకారాన్ని కట్టేస్తుంది. ఆ స్థలంలో టవరు రాబోతోంది. గుండు ఎన్నాళ్లో ఉండదని వాళ్లకు తెలుసు. అందుకే తొందరపడి తీశారు.

"రాయి సిద్ధం చేసి పెట్టండి బాలమణిగారూ, పది రోజుల్లో కావాలి" అన్నాడు శ్రీకాంత్. అంతే చెప్పాడు.

ఫోటోలు తెరిచాను. గుండు నడుము మీద ఒక వరుసలో ఏడు గుంతలు. రాయిని చీల్చడానికి ఉలితో కొట్టి, ఇనుప చీలలు దింపే గుంతలు. ఎవరో ఏడు కొట్టి, ఎందుకో చీల్చకుండానే వదిలేశారు. గుంతల పక్కన పని మొదలుపెట్టే ముందు పూసిన పసుపు మరక. కింద ఎవరో సున్నంతో రాసిన అంకె.

నేను వాటిని గుర్తుపట్టలేదని అనుకోకండి. చూడగానే గుర్తుపట్టాను. మా నాన్న వీపు కళ్లముందు కనబడింది. అయినా చెరిపాను. పద్నాలుగేళ్లుగా మనిషి చేయి పడిన గుర్తు ఎక్కడ కనబడితే అక్కడ చెరపడమే నా పని. సినిమావాళ్ల కొండ మీద ఎవరూ రాయి కొట్టి ఉండకూడదు, పసుపు పూసి ఉండకూడదు. కొండ అంటే అదే అనుకునే స్థితికి నా కన్ను వచ్చింది. రాయి సిద్ధం చేయడం అంటే అదే కదా అనుకున్నాను. అంకె, పసుపు, ఏడు గుంతలు, నాలుగు వందల ఫోటోల్లోంచి ఒక్కొక్కటిగా తీసేశాను. తొమ్మిది రోజులు పట్టింది. ఎక్కడా అతుకు కనబడకుండా చేశానని లోపల మురిసిపోయాను కూడా.

ఎప్పటిలాగే, ఉన్న ఫోటో మీదే సేవ్ చేశాను.

అవి నకళ్లు కావు. ఆ చిన్న కంపెనీలో తాళం గది లేదు. సుష్మ నాకు ఇచ్చిన ఫోల్డరే అసలుది. కెమెరా కార్డులు అప్పటికే వేరే పనికి వాడేశారు.

"గుంతలేవండీ?"

పదో రోజు శ్రీకాంత్ నా రాతిని పెద్ద తెర మీద తిప్పి చూశాడు. ఒకసారి తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

"గుంతలేవండీ?"

అతను తెర మీద రాతి నడుము దగ్గర వేలు పెట్టాడు.

"ఆ అమ్మాయి పైకి ఎక్కేది ఆ గుంతల మీద కాలు పెట్టే కదా. దారి మొత్తం వాటి మీదే కట్టాం. ఎక్కడికి పోయాయి?"

అప్పుడు తెలిసింది నాకు. ఆట మొత్తానికి ఆ రాతిని ఎంచుకున్నదే ఆ ఏడు గుంతల కోసం. శ్రీకాంత్ ఫోటోలు తెరిచాడు. వాటిలోనూ లేవు. గుండు దగ్గరకు మళ్లీ పోదామంటే, పోయిన వారమే దాన్ని పేల్చేశారు.

"ఫోటోలు ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే సుష్మ లేచింది. "నేనేనండీ. అక్కకి ఇచ్చేముందు నేనే బాగుచేద్దామని చెరిపాను. కాపీ పెట్టుకోవడం మర్చిపోయాను."

నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మాట రాలేదు. రాలేదని చెప్పడం సులువు. నేను రానివ్వలేదు. అది నిజం.

మధ్యాహ్నం మెట్ల మీద సుష్మను పట్టుకున్నాను.

"గట్లెందుకు చెప్పినవే?"

"మీకింకా రెండు నెలలు ట్రయల్ ఉందక్కా. మీ పేరు బయటికొస్తే సాయంత్రానికి కార్డు తీసేసుకుంటారు. నన్నయితే నాలుగు తిట్టి వదిలేస్తారు."

"నిన్నే తీసేస్తే?"

"నా వయసుకి ఇంకోటి దొరుకుద్ది. నలభై ఎనిమిదేళ్లు, మీకెవరిస్తారు?"

"జర నోరు మంచిగ పెట్టుకో. నలభై ఏడే నాకు."

అది నవ్వి నా డబ్బాలోంచి చింతకాయ తొక్కు తీసుకుంది. నేను డబ్బా మొత్తం దాని వైపు జరిపాను.

రెండు రోజుల తర్వాత శ్రీకాంత్ నా సీటు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "సుష్మగారిని నెలాఖరుకి పంపించేస్తున్నారండీ. ఒకరిని తగ్గించాలని పైవాళ్లు ఎప్పటినుంచో చూస్తున్నారు. ఇది దొరికింది వాళ్లకి. నేను చెప్పి చూశాను, వినలేదు. ఆవిడ ఫైళ్లన్నీ మీకు అప్పగిస్తుంది."

నాకు అక్షరం ముక్క నేర్పిన మనిషిని నా తప్పుకు బయట పెడుతున్నారు. ఆ సీటు పని నాకు అప్పగిస్తున్నారు.

అంతకుముందు నేను మెయిల్ రాసింది లేదు. రావాల్సినవి చదివేదాన్ని, జవాబు నోటితో చెప్పేదాన్ని. ఏదైనా రాయాల్సి వస్తే సుష్మను అడిగేదాన్ని. ఇది సుష్మను అడిగేది కాదు. కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగులోనే రాశాను. చాలాసేపు పట్టింది. శ్రీకాంత్‌కు, పైవాళ్లకు, సుష్మకు, అందరికీ కలిపి పంపాను.

"రాతి మీది ఏడు గుంతలు చెరిపింది నేను. అసలు ఫోటోల మీదే చెరిపాను. సుష్మ చేయలేదు. నా కోసం అబద్ధం చెప్పింది. బాలమణి."

శ్రీకాంత్ నన్ను అద్దాల గదిలోకి పిలిచాడు. "చెరిపేముందు ఒక్కమాట అడగొచ్చు కదండీ?"

అప్పటిదాకా తల దించుకునే ఉన్నాను. ఆ మాటకు ఒళ్లు మండింది.

"ఎవల్ని అడగాలె సార్? పద్నాలుగేండ్లు ఎందుకు అని అడిగితే నీకెందుకు అన్నరు. ఇయ్యాల అడగలేదని మీరు అంటున్నరు. పది దినాల్ల కావాలె అన్నరు గని, ఆ పిల్ల గుంతల మీదికెల్లి ఎక్కుతదని మీరొక్క మాట చెప్పిన్రా నాకు? కథేందో తెల్వకుంట రాయి చెయ్యమంటే గిట్లనే అయితది. తప్పు నాది. నన్ను తీసెయ్యున్రి. గని చేతులు మాత్రం మావి, కథ మీది అంటే నడ్వదు."

శ్రీకాంత్ తన ముందున్న లాప్‌టాప్ మూశాడు. "చెప్పలేదండీ. చెప్పాల్సింది" అన్నాడు. నా ముప్పై ఏళ్లలో ఒక బాస్ నోట ఆ మాట విన్నది అదొక్కసారే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత అన్నాడు, "సుష్మగారి సంగతి నేను మాట్లాడతాను. మీ సంగతి నా చేతిలో లేదు. ముందు గుంతలు కావాలి నాకు."

నాలుగో గుంత

కంప్యూటర్‌లోనే ఏడు గుంతలు చెక్కాను. గంట పని. చూస్తే డ్రిల్లింగ్ మిషన్‌తో వేసినట్టు గుండ్రంగా, ఒకేలా ఉన్నాయి. ఉలి దెబ్బకు రాయి ఎలా పెచ్చులూడుతుందో, అంచు ఎటువైపు తెల్లబడుతుందో నాకు తెలుసు, కానీ మౌస్‌కు తెలియదు.

మా తమ్ముడు శంకర్‌పల్లి రోడ్డులో రోళ్లు, కడీలు కొడతాడు. ఆదివారం సుష్మను, శ్రీకాంత్‌ను తీసుకుని అక్కడికి వెళ్లాను. నా చేతిలో ఉలి చూసి వాడు విరగబడి నవ్వాడు.

"ఏందక్కా, అంత పెద్ద కంప్యూటర్ కొలువు జేసి మల్ల ఈడికే వచ్చినవా?"

"నోర్మూసుకొని మంచి రాయి సూపియ్."

మా మరదలు రాతికి పసుపు పూసింది. ఎవరూ చెప్పలేదు, అది మా పద్ధతి. చెరిపేసిన పసుపు అలా దానంతటదే వెనక్కి వచ్చింది. నేను జానెడు దూరంలో గుర్తులు పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను. ఒక్కో గుంత నాలుగు వేళ్ల లోతు. మూడు బాగా వచ్చాయి. నాలుగోదానికి చేయి అలిసి ఉలి జారింది. గుంత వంకరపోయింది, ఒక అంచు లేచిపోయింది. మిగతా మూడు తమ్ముడు కొడతానన్నాడు, నేను ఇవ్వలేదు. పొద్దు వాలేదాకా పట్టింది. అరచేతులు పొక్కులెక్కాయి.

సుష్మ ఫోటోలు తీసింది. తీసిన వెంటనే అక్కడే బండ మీద కూర్చుని లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. "రెండు కాపీలక్కా. మూడోది నా దిండు కింద పెట్టుకుంటా."

సోమవారం ఆ గుంతలను పాత రాతి మీద కూర్చాం. శ్రీకాంత్ తెర మీద తిప్పి చూసి, "నాలుగోది కాస్త పక్కకి పోయింది, సరిచేద్దామాండీ?" అన్నాడు. నా చేయి అలవాటుగా మౌస్ మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. "ముట్టకున్రి సార్" అన్నాను.

నా ట్రయల్ ఇంకో మూడు నెలలు పొడిగించారు, తర్వాత ఉంచుకున్నారు. ఎనిమిదేళ్లు అక్కడే చేసి బయటికి వచ్చాను. సుష్మను తీసేయలేదు. కానీ ఆరు నెలలకు తనే మానేసింది. "నా పేరు తీసేసే జాబితాలో రాసినప్పుడు ఒక్కరూ నన్ను పిలిచి అడగలేదక్కా. అట్లాంటి చోట ఎట్లా కూర్చోను?" అంది. ఒకరి తప్పు ఇంకొకరి పేరు మీద రాయడానికి ఒక్క నిమిషం పట్టని ఈ పరిశ్రమ, పని చేసినవాళ్ల పేర్లు రాయడానికి మాత్రం చోటు లేదంటుంది.

మీరు ఈ పనిలోకి రండి, రావద్దనను. రాయి ఇచ్చినప్పుడు దాని మీద ఎవరు ఎక్కుతారని అడగండి. నీకెందుకు అంటే మళ్లీ అడగండి.

ఆట బయటికి వెళ్లే ముందు దాన్ని ఆడి తప్పులు పట్టేవాళ్లు ఒక జాబితా పంపారు. అందులో పన్నెండోది: నాలుగో గుంత దగ్గర అమ్మాయి కాలు తడబడుతోంది, సరిచేయాలి. దానికి జవాబు నేనే రాశాను. ఈసారి అక్షరాలకు అంతసేపు పట్టలేదు.

"అది తప్పు కాదు. అక్కడ రాయి కొట్టిన మనిషి చేయి జారింది. అలాగే ఉంచండి."

ఉంచారు.